చిలకా రైలెక్కబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నౌకాదళంలో అగ్నివీరుడిగా నీకు పిలుపు వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆమె ఏడుస్తూ చెప్పింది, నేను కళ్లు తుడుచుకుంటూ విన్నాను. కళింగపట్నం దీపస్తంభం దగ్గర ఆడుకుని పెరిగిన మన ఇంటి పిల్లల్లో నా తరువాత ఆ తెల్లబట్టలు వేసుకోబోయేది నువ్వే. ఆ సంతోషంతో రెండు రాత్రులు నిద్రపోలేదు. మూడో రాత్రి మాత్రం భయం వల్ల నిద్ర పట్టలేదు. ఆ భయం ఏమిటో నీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఆమదాలవలసలో రైలెక్కితే పలాస, ఇచ్ఛాపురం, బ్రహ్మపురం దాటాక కుడివైపు చిలకా సరస్సు కనిపిస్తుంది. నువ్వు శిక్షణకు వెళ్లే నౌకాదళ కేంద్రం దాని ఒడ్డునే ఉంది. 1982లో నేనూ ఆ దారినే వెళ్లాను. సర్టిఫికెట్ల అసలు ప్రతులు ఒక కవరులో, జిరాక్సులు మరొక కవరులో పెట్టుకో. తెల్లవారుజామున లేవడం ఇప్పుడే అలవాటు చేసుకో. హిందీ తప్పుగా వచ్చినా సిగ్గుపడకుండా మాట్లాడు.

"వంశధార మొగలో పెరిగినవాడికి ఈత నేర్పేదేముంది" అన్నావట. ఆ మాట నాకు నచ్చలేదు. నేనూ అలాగే అనుకుని వెళ్లి, ఎత్తయిన పలక మీద నుంచి కొలనులోకి దూకమన్నప్పుడు కాళ్లు వణికి నిలబడిపోయాను. నేర్పేవాడు చెప్పినట్టు, ఏమీ రానివాడిలాగా మొదటి నుంచి నేర్చుకో.

మొదటి ఏడాది జీతం నెలకు 30,000 అయినా, నాలుగేళ్ల చివర ఇచ్చే సేవానిధికి 9,000 పోగా చేతికి వచ్చేది 21,000. నాలుగేళ్ల తరువాత ఉంచుకునేది 25 శాతం మందినే. ఈ లెక్క నీకు నాకన్నా బాగా తెలుసు. కానీ "నాలుగేళ్లే కదా" అన్న ఆలోచనతో ఓడ ఎక్కేవాడు పనిని పైపైన చేస్తాడేమోనన్నదే నా భయం. ఆ తప్పు నేను చేశాను. మీ అత్తకు కూడా చాలా కాలం చెప్పలేదు.

లోనావాలాలోని నౌకాదళ శిక్షణ కేంద్రం ఐఎన్‌ఎస్ శివాజీలో ఇంజన్ పని నేర్చుకున్నాక నన్ను ఒక పాత ఆవిరి ఓడకు పంపారు. దాని పేరు ఇక్కడ రాయను, తప్పు ఓడది కాదు. అర్ధరాత్రి 12 నుంచి 4 దాకా ఉండే డ్యూటీ వంతు, మిడిల్ వాచ్‌లో నాకు జతగా ఒక మలయాళీ ఉండేవాడు. గంటకొకసారి నేను కిందికి దిగి పంపుల బేరింగుల వేడి, నూనె ఒత్తిడి చూసి వచ్చి చెప్పాలి, అతను లాగ్ బుక్కులో రాయాలి. ఆ రాత్రి సముద్రం బాగా ఎగిసిపడుతోంది, కడుపులో నీళ్లు కూడా నిలవడం లేదు. మూడు గంటల వేళ నేను నిచ్చెన సగం దిగి, అక్కడే కమ్మీని పట్టుకుని కాసేపు కళ్లు మూసుకుని, పైకి వచ్చి రెండు గంటలకు చూసిన అంకెలే మళ్లీ చెప్పాను. అతను నమ్మి రాసుకున్నాడు. అరగంట తిరగకుండానే ఒక పంపు బేరింగు కాలిపోయిన వాసన వచ్చింది. బాయిలరుకు నీళ్లు అందించే పంపు అది. రెండో పంపు మీదికి మార్చేలోపు ఓడ వేగం తగ్గించాల్సి వచ్చింది, మా వెంట వచ్చే ఓడలు ముందుకు సాగిపోయాయి.

మరునాడు విచారణ జరిగింది. పుస్తకంలో ఉన్నది అతని చేతిరాత. "ఈ అంకె నువ్వు చూశావా?" అని అడిగితే "చూశాను" అన్నాడు. జబ్బుతో ఉన్న మీ తాతయ్యను చూడటానికి నాకు సెలవు మంజూరై ఉందని అతనికి తెలుసు. అతని ఓణం సెలవు రద్దయింది. నేను మాత్రం నోరు మెదపకుండా రైలెక్కి ఇంటికి వచ్చాను. మీ తాతయ్య నా చేయి పట్టుకుని "మంచి ఉద్యోగం చేస్తున్నావురా" అన్నప్పుడు కూడా నోరు పెగల్లేదు.

తరువాత ఇద్దరం యుద్ధనౌక ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్‌లో కలిసి పనిచేశాం. నావికులు తినీ పడుకునే మెస్ డెక్కు ఒకటే, పైనా కిందా బంకులు. అయినా ఆ మాట ఎత్తలేదు. 1980 మే 4న సోవియట్ దేశపు పోటి రేవులో నౌకాదళంలో చేరిన ఆ ఓడకు, 2021 మే 21న విశాఖపట్నంలో వీడ్కోలు పలికారు. కరోనా వల్ల అక్కడున్న అధికారులు, నావికులు తప్ప ఎవరూ వెళ్లే వీలు లేకపోయింది. సూర్యాస్తమయ వేళ జెండా దించారని తెలిశాక, ఆ రాత్రి మేం పదకొండు మందిమి ఫోన్‌లోనే కలిశాం. గ్యాస్ టర్బైన్లు అందుకునేటప్పటి ఆ ఈల, ఓడ వంటగది గేలీలో పూరీల కోసం నిలబడిన వరుస, మొదటి తుపానులో ఒకే బకెట్టు చుట్టూ కూర్చున్న నలుగురు, అన్నీ గుర్తు చేసుకున్నాం. అంతలో ఎవరో ఆ మలయాళీని "మిడిల్ వాచ్‌లో నిద్రపోయి పంపు కాల్చినవాడు" అని ఆటపట్టించారు. అతను అందరితో పాటు నవ్వాడు. అప్పుడు చెప్పాను, ఆ అంకె నాది అని. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి అతను, "మీ నాన్న నిన్ను చూసుకున్నాడు కదా, అది చాలు" అన్నాడు.

కన్నా, కంటితో చూడని అంకె చెప్పకు. చూడలేకపోతే చూడలేదని చెప్పు, తిట్లు తిను. నీ మాట నమ్మి రాసుకునేవాడికి కూడా ఒక ఇల్లు ఉంటుంది.

మీ అమ్మకు ఒక సంగతి నువ్వే ముందుగా చెప్పు. తుపాను వస్తోందంటే మన పడవలు ఒడ్డెక్కుతాయి గాని, యుద్ధనౌకలు రేవు వదిలి సముద్రంలోకి వెళ్తాయి. కట్టేసి ఉంటే గట్టుకూ ఒకదానికొకటీ కొట్టుకుని దెబ్బతింటాయి, బయట ఉంటే గాలికి ఎదురు నిలిచి తుపాను దారి నుంచి తప్పుకోగలవు. ఈ సంగతి తెలియక మా అమ్మ ప్రతి కార్తీకంలోనూ నా కోసం ఉపవాసాలు చేసి చిక్కిపోయింది. ఫోన్ కలవని రోజులుంటాయని కూడా చెప్పు. చీకటి పడ్డాక ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా పై డెక్కు మీదికి వెళ్లనని నాకు మాట ఇవ్వు.

నీ ప్రయాణం రోజు స్టేషన్‌కు వస్తాను. రైలు కదిలాక మీ అమ్మను ఇంటికి తీసుకువెళ్లే పని నాది, నువ్వు వెనక్కి చూడకుండా ఎక్కు.

మీ మామయ్య