చేయి మళ్లీ వస్తుందో లేదో మాగ్నెట్ టెస్ట్‌తో తెలుస్తుందా?

నాన్నగారికి స్ట్రోక్ వచ్చి నాలుగు రోజులైంది, కుడి చేయి కదలడం లేదు, టీఎంఎస్ టెస్ట్ (తల మీద మాగ్నెట్ కాయిల్ పెట్టి మెదడు నుంచి చేతికి సంకేతం వెళ్తోందా అని చూసేది) చేస్తే చేయి వస్తుందో రాదో తేలిపోతుందని ఎవరో అన్నారు, చేయించాలా అని అడిగారు. మీరున్న హాస్పిటల్లోనే ఆ మెషీన్ ఉంటే, డాక్టర్ సరేనంటే చేయించండి, అదీ మొదటి వారంలోనే. దాని కోసమే ఇంకా కుదుటపడని మనిషిని అంబులెన్సులో ఎక్కించి సికింద్రాబాద్ నుంచి గచ్చిబౌలి దాకా తిప్పాల్సిన పనిలేదు.

మా అమ్మకి ఎడమ చేయి పడిపోయినప్పుడు ఇక్కడే హైదరాబాద్‌లో ఈ టెస్ట్ చేశారు. కానీ అంతకన్నా ముందు ఫిజియో మంచం దగ్గరే రెండే రెండు పనులు చేయించింది: చేయి పక్కకి ఎత్తమంది, వేళ్లు చాపమంది. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో కేథీ స్టినియర్ బృందం తయారుచేసిన ప్రెప్2 అనే పద్ధతిలో మొదటి మెట్టు ఇదే. ఒక్కో కదలికకి 5 మార్కులు, స్ట్రోక్ వచ్చిన మూడో రోజు చూస్తారు. మొత్తం 10లో 5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే మాగ్నెట్ అక్కర్లేదు, ఆ మార్కులూ వయసూ చూసి చెప్పేస్తారు. తక్కువ వస్తేనే టీఎంఎస్.

అమ్మకి తక్కువే వచ్చాయి. ముంజేతి మీద స్టిక్కర్లు అంటించి, తల మీద కాయిల్ పెట్టి టక్‌మని ఒక్కో దెబ్బ కొడుతుంటే నేను అమ్మ చేతినే చూస్తూ నిలబడ్డాను, కంటికేమీ కనబడలేదు, స్క్రీన్ మీద మాత్రం చిన్న అల లేచింది. అంటే మెదడు నుంచి వెన్నుపాము మీదుగా చేతికి వెళ్లే దారి పూర్తిగా తెగిపోలేదని. నొప్పి లేదంది అమ్మ, ఆ చప్పుడుకే విసుక్కుంది. పేస్‌మేకర్, ఆపరేషన్‌లో తల లోపల పెట్టిన మెటల్ క్లిప్పులు, ఇదివరకు ఫిట్స్ ఇలాంటివేమైనా ఉంటే ముందే చెప్పండి, అడిగేదాకా ఆగొద్దు.

అల వస్తే మూడు నెలలకి చేయి చాలా పనులకి పనికొస్తుందని అంచనా, పూర్తిగా మునుపటిలా అని కాదు. అమ్మ ఇప్పుడు కొబ్బరినూనె సీసా మూత తిప్పుతుంది, జాకెట్టు హుక్కులు నిదానంగా పెట్టుకుంటుంది, మల్లెపూలు కట్టడం మాత్రం రావట్లేదు, దారం వేళ్ల మధ్య నిలవదు. అల రాకపోతే స్ట్రోక్ తీవ్రత స్కోరు కూడా కలిపి చూస్తారు, అప్పుడు ఆశ తగ్గుతుంది. అలాగని ఫిజియో ఆపేయమని కాదు, చేయి బిగుసుకుపోకుండా, భుజం నొప్పి రాకుండా చూసుకుంటూ రెండో చేత్తో పనులు నేర్పడం మీద ఎక్కువ దృష్టి పెడతారు. పైగా ఈ పద్ధతి మొత్తమ్మీద నలుగురిలో ముగ్గురి విషయంలోనే సరిగ్గా చెబుతుంది, కాబట్టి రిపోర్టు చూసి ఇంటిల్లిపాదీ ఏడుస్తూ కూర్చోకండి. అసలు ఆ మాట నాన్నగారికి ఎవరు, ఎప్పుడు చెప్పాలో టెస్ట్‌కి ముందే ఇంట్లో అనుకోండి. మా బంధువొకాయన అమ్మ ముందే "ఇంక చేయి రాదటగా" అనేశాడు, అప్పటికి రిపోర్టు కూడా రాలేదు!

ఇంకోటి, టీఎంఎస్ టెస్ట్ వేరు, టీఎంఎస్ ట్రీట్‌మెంట్ వేరు. డిశ్చార్జ్ అయ్యాక ఒక క్లినిక్ వాళ్లు మాకు ఫోన్ చేసి, ఇన్ని సెషన్లు తీసుకుంటే చేయి గ్యారంటీగా వస్తుందని ప్యాకేజీ చెప్పారు. గ్యారంటీ అన్నారంటేనే ఫోన్ పెట్టేయాలి. ట్రీట్‌మెంట్ కావాలో వద్దో మీ న్యూరాలజిస్ట్ చెప్పాలి, ఫోన్ చేసిన అమ్మాయి కాదు.

కాలి సంగతి మీరు అడగలేదు గానీ, నడకకి ఈ మాగ్నెట్ అంతగా ఉపయోగపడదు. అదే ఆక్లాండ్ వాళ్లు నడక అంచనాకి వారం తర్వాత మోకాలు చాపే బలం ఎంతుంది, బ్యాలెన్స్ ఎలా ఉంది, వయసెంత అని చూస్తారు. మంచం అంచున ఆసరా లేకుండా కూర్చోగలరేమో ఫిజియోనే దగ్గరుండి చూడమనండి, మీరు సొంతంగా లేపొద్దు.