అమ్మవారి ఘటాలు గీసే అమ్మాయికి ఏ చదువు మేలు?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. మా అమ్మాయి ప్లస్ టూ సైన్స్ రెండో సంవత్సరం చదువుతోంది. చిన్నతనమంతా వంశధార ఒడ్డున, కాశీనగర్ దగ్గరి పల్లెలో అమ్మమ్మ ఇంట్లో పెరిగింది. అప్పటి నుంచీ ముగ్గులు, అమ్మవారి ఘటాలు, రామాయణ ఘట్టాలే బొమ్మలుగా వేస్తోంది. చిత్రకారిణిని అవుతానంటోంది. బీఎస్సీ, బీఎడ్ చేసి, తీరిక దొరికినప్పుడు బొమ్మలు వేసుకోమని మేము చెబుతున్నాము. దేవుళ్ల బొమ్మలు, పల్లెటూరి బొమ్మలు వేసేవారికి ఈ రోజుల్లో బతుకుతెరువు ఉంటుందా? కొన్ని బొమ్మల ఫోటోలు పంపుతున్నాను. – ఒక తండ్రి

జవాబు: మీరు పంపిన ఫోటోలను శ్రద్ధగా చూశాను. మార్గశిర గురువారం నాడు వాకిట్లో బియ్యప్పిండితో వేసే లక్ష్మీపాదాల బొమ్మలో గీత ఎక్కడా తడబడలేదు. చిన్నప్పటి నుంచి ముగ్గు వేసిన చేతికే ఆ నిలకడ వస్తుంది. ఘటాల ఊరేగింపు బొమ్మలో మాత్రం చేతులు గీయవలసి వచ్చిన ప్రతిచోటా అమ్మాయి వాటిని కొంగు చాటునో, ఘటం చాటునో దాచేసింది. ముఖాలన్నీ ఒకే ముఖంలా ఉన్నాయి. ఏమి గీయాలో ఆమెకు తెలుసు, అది ఎవరూ నేర్పగలిగేది కాదు. ఎలా గీయాలో ఇంకా తెలియదు, అది మంచి గురువుల దగ్గర కొన్నేళ్లు కూర్చుంటే వస్తుంది. అందువల్ల ఆమెను నాలుగేళ్ల చిత్రకళ డిగ్రీలోనే చేర్పించమని నా సలహా. బీఎస్సీ చదువుతూ సాయంత్రాలు బొమ్మలు వేస్తే, ఇప్పుడు వచ్చినవే ఇంకా నున్నగా వస్తాయి తప్ప, రానివి రావు.

తోట వైకుంఠం గారి సంగతి మీ అమ్మాయికి తప్పక చెప్పండి. ఆయన 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. పెద్ద బొట్టు, పసుపు రాసిన ముఖం, ముదురు రంగు చీరలతో ఆయన చిత్రించిన తెలంగాణ పల్లె స్త్రీలను నేడు దేశమంతా గుర్తుపడుతుంది. అయితే ఆయన హైదరాబాదులో లలితకళలు చదివి, ఆ తర్వాత బరోడాలో చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర శిక్షణ పొందారు. పల్లె స్త్రీల ఆ రూపం గట్టిపడటానికి అటుపైన చాలా ఏళ్లు పట్టింది. బెంగాల్‌లోని బెలియాతోడ్ పల్లెలో 1887లో పుట్టిన జామినీ రాయ్ కూడా కలకత్తా ప్రభుత్వ చిత్రకళాశాలలో పాశ్చాత్య పద్ధతిలో నేర్చుకుని, అలాంటి చిత్రాలే కొన్నేళ్లు వేసి, ఆ తరువాతనే పటువాల (బెంగాల్ జానపద చిత్రకారుల) గీత వైపు మళ్లారు. చదువుకుంటే పల్లెదనం పోతుందని మీ అమ్మాయి భయపడుతున్నట్లయితే, ఆ భయం తీరడానికి ఈ ఇద్దరి చిత్రాలు చాలు.

ఏ కళాశాల అంటే, ముందుగా మీ పక్క జిల్లా గంజాంలోని ఖల్లికోట ప్రభుత్వ చిత్రకళాశాలనే చూడమంటాను. దగ్గర కావడం ఒక్కటే కారణం కాదు. ఓషాకొఠిలలో, అంటే ఓషా వ్రతం చేసే పూజాగృహాల్లో, దేవతల కోసం గోడల మీద వేసే చిత్రాలు, దండనాట్యం, ప్రహ్లాద నాటకం, బరంపురం ఠాకురాణీ జాతరలో వీధుల్లో తిరిగే వేషాలు – ఇవన్నీ గంజాం జిల్లావే, అమ్మాయి వేసే విషయానికి నేరుగా సంబంధించినవే. ఆ జిల్లాలోని దిగపహండిలో పుట్టిన దీనానాథ్ పాఠి (1942–2016) ఇటు చిత్రాలు వేస్తూనే, అటు ఓషాకొఠి గోడచిత్రాల మీద లోతైన పరిశోధన చేశారు. అలా గీయడం, అధ్యయనం రెండూ కలిసిన మార్గం మీ అమ్మాయికి బాగా నప్పుతుందని నాకనిపిస్తోంది. భువనేశ్వర్‌లోని బి.కె. చిత్రకళాశాలకు కూడా దరఖాస్తు చేయించండి. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చిత్రకళ విభాగం ఉంది కానీ, అక్కడ మీరు ఇతర రాష్ట్రం వారి కిందికి వస్తారు కనుక దాని మీదే ఆశ పెట్టుకోవద్దు. శాంతినికేతన్ కళాభవన్‌ను ఎం.ఎఫ్.ఏ. (చిత్రకళలో పీజీ) కోసం మనసులో ఉంచుకోండి. భక్తకవుల జీవితాలను వినోద బిహారీ ముఖర్జీ 1946–47లో గోడ పొడవునా చిత్రించిన హిందీ భవన్ ఉన్నది అక్కడే.

ఇక మీరు ముఖ్యంగా అడిగిన బతుకుతెరువు. డిగ్రీ అయిన వెంటనే చిత్రాలు అమ్ముకుని ఇల్లు గడపగలగడం చాలా అరుదు; కనీసం కొన్నేళ్లపాటు పక్కన మరొక సంపాదన ఉండాలి. అది అదే చదువులో నుంచి రావచ్చు. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయ విద్యాలయాల్లో చిత్రలేఖనం ఉపాధ్యాయుల పోస్టులు ఉంటాయి. వాటికి చిత్రకళలో అర్హత అవసరం. అంటే మీరు కోరుకుంటున్న ఉపాధ్యాయ ఉద్యోగం ఈ దారిలో కూడా ఉంది. పిల్లల పుస్తకాలకు బొమ్మలు, వస్త్రాల డిజైన్లు, యానిమేషన్ మరికొన్ని దారులు. మీకు పొరుగున ఉన్న శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వడ్డాది పాపయ్య గారు పురాణాలనే గీస్తూ దశాబ్దాలపాటు చందమామ ముఖచిత్రాలు వేశారు కదా, అది పత్రిక పనిగా సాగిన కళ. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకు నెలకు రూ. 5,000 చొప్పున రెండేళ్లు ఇచ్చే ఉపకారవేతనం చిత్రకళకు కూడా వర్తిస్తుంది.

అడగకపోయినా ఒక మాట చెప్పాలి. ఫోటోల్లో రెండు సంచుల మీద సవర గిరిజనుల బొమ్మలు ఉన్నాయి, అమ్మకానికి వేసినట్లున్నాయి. సవరల ఇళ్లలో ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే ఇడితాల్ అనే చిత్రం అలంకారం కోసం వేసేది కాదు. దేవతలను, పితరులను ఇంటికి పిలిచి, పూజ చేసి నిలిపే చిత్రం. వాళ్ల ఊళ్లకు వెళ్లి, పెద్దల అనుమతితో, వాళ్ల దగ్గరే కూర్చుని నేర్చుకుంటే మంచిది. పుస్తకంలో చూసి సంచుల మీదికి ఎక్కించడం మాత్రం ఇప్పుడే మానిపించండి. ఆమెకు తన అమ్మమ్మ ఇంటి సొత్తే బోలెడంత ఉంది.

ప్రవేశ పరీక్షల్లో సాధారణంగా ఎదురుగా ఉన్న వస్తువునో, మనిషినో చూసి గీయమంటారు, ఒక విషయం ఇచ్చి చిత్రం కూర్చమంటారు. రెండో దానిలో అమ్మాయికి ఇబ్బంది ఉండదు. మొదటి దానికోసం ఈ వారం నుంచే రోజూ ఒక గంట, సంతలో కూరగాయలు తూచే చేతులు, పూలు కట్టే చేతులు, బస్టాండులో నిద్రపోయే మనుషులు – ఎదుట చూస్తూ, రబ్బరు వాడకుండా గీయమనండి. ప్లస్ టూ పరీక్షలను మాత్రం నిర్లక్ష్యం చేయనివ్వకండి. డిగ్రీలో చేరడానికి ఆ మార్కులు కావాలి. దరఖాస్తుల ప్రకటన కోసం ఎదురుచూడకుండా, సెలవుల్లో ఒకసారి బరంపురం మీదుగా అమ్మాయిని ఖల్లికోట తీసుకువెళ్లండి. అధ్యాపకులకు మంచి బొమ్మలతో పాటు కుదరని బొమ్మలను కూడా చూపించమనండి. ఆడపిల్లల హాస్టల్ ఎలా ఉంది, రంగులకు, కాన్వాసుకు ఏడాదికి ఎంత ఖర్చవుతుంది, అక్కడ చదివి వెళ్లినవారు ఇప్పుడు ఏ పనుల్లో ఉన్నారు అన్నవి మీరు స్వయంగా అడిగి రాసుకోండి.