పేపర్లో ‘ఏకే-47’ అని రాసే తుపాకులన్నీ నిజంగా అవేనా?

కావు, ఆ పేరుతో పిలిచే వాటిలో చాలావరకు ఏకేఎం లాంటి తర్వాతి రకాలే.

తేడా తయారీలో ఉంది. కలాష్నికోవ్ రూపొందించిన ఏకేను, అంటే మనం ఏకే-47 అనే అసలు తుపాకిని, సోవియట్ సైన్యం 1949లో తీసుకుంది. మొదట్లో రేకు బాడీ సరిగ్గా కుదరక, ఉక్కు దిమ్మెను చెక్కి చేయడం మొదలుపెట్టారు. దాంతో బరువు, ఖర్చు రెండూ పెరిగాయి. 1959లో వచ్చిన ఏకేఎంలో మళ్లీ ప్రెస్‌లో వంచిన రేకునే వాడారు, ఈసారి కుదిరింది. బరువు తగ్గింది. తూటా మాత్రం అదే, 7.62×39 మిల్లీమీటర్లు. దూరం నుంచి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఏకే-74 వేరు, దాని తూటా 5.45 మిల్లీమీటర్లే.

ములుగు, భూపాలపల్లి వైపు మావోయిస్టుల లొంగుబాటు వార్తల్లో బల్ల మీద పరిచిన ఆయుధాల ఫొటో వస్తే, మ్యాగజైన్‌కు సరిగ్గా పైన బాడీని చూడండి. పొడవాటి గాడి ఉంటే చెక్కిన పాత రకం, చిన్న సొట్ట ఉంటే ఏకేఎం రకం. ఫొటో కింద రాసిన పేరు కన్నా ఈ గుర్తే నమ్మదగ్గది.

మ్యాగజైన్ వంపుగా ఉంటే ఏకేనే అనుకోవడం పొరపాటు. మన దేశంలో తయారైన ఇన్సాస్ రైఫిల్‌ మ్యాగజైన్‌కూ వంపు ఉంటుంది, కాకపోతే ఆ రైఫిల్‌కు పైన మోసే పిడి ఉంటుంది, తూటా 5.56 మిల్లీమీటర్లు.