వ్యాసం చదివినంక రాసినాయన ఎటువైపో ఎట్ల పట్టుకోవాలె?

తమ్మీ, "ఎడిటోరియల్ అర్థమైతది కానీ రాసినాయన అనుకూలమా వ్యతిరేకమా అంటే చెప్పలేకపోతున్న, రెండు వైపులా రాసినట్టే ఉంటది" అని అడిగినవ్ గదా, గ్రూప్స్‌కు చదివేటప్పుడు మా రూమ్‌ల కూడా ఇదే పంచాయితీ. మాది అచ్చంపేట దిక్కు. 2019ల నల్లమల యురేనియం లొల్లి నడిచింది, అమ్రాబాద్ పులుల అడవిల 83 చదరపు కిలోమీటర్ల మేర సర్వే చేస్తమని ప్రతిపాదన వచ్చింది, ఊర్లన్నీ లేసినయ్, సెప్టెంబర్‌ల అసెంబ్లీ కూడా తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. అప్పుడు పేపర్లల్ల వచ్చిన వ్యాసాలు కత్తిరించి నోట్‌బుక్‌ల అంటించుకుని వాటి మీద వాదులాడుకునేటోళ్లం.

ఆ కటింగులు చూస్తుంటే ఒకటి సమజైంది, అనుకూలం, వ్యతిరేకం అని రెండు గాటన కట్టేస్తే పని కాదు. మా దగ్గరున్నయి శానా మటుకు "వద్దు" అనేటివే. కానీ ఒకాయన పులి కోసం వద్దంటడు, ఇంకొకాయన కృష్ణా నీళ్లు ఖరాబైతే శ్రీశైలం, సాగర్ నీళ్ల మీద బతికేటోళ్ల గతేందని వద్దంటడు, మరొకాయన ఆ అడవిల బతికే చెంచు గిరిజనులను అడగకుండ ఎట్ల తవ్వుతరు, 2006 అటవీ హక్కుల చట్టం ఎందుకున్నదని వద్దంటడు. వద్దు అన్నది వాళ్ల వైఖరి, ఎవరి దిక్కు నిలబడి వద్దంటున్నరన్నది దృక్కోణం. పరీక్షల రెండూ అడుగుతరు, మనోళ్లు మొదటిది రాసి ఊకుంటరు.

నేనైతే మార్జిన్‌ల పెన్సిల్‌తోని ఒకటే ప్రశ్న రాసుకునేటోన్ని: "ఏం చేస్తే ఈయన ఒప్పుకుంటడు?" నీళ్ల గురించి రాసినాయనకు చుక్క నీరు కూడా ఖరాబు కాదని రుజువు చేస్తే ఆయన వాదన ఆడికి అయిపోతది. చెంచుల గురించి రాసినాయన దానికి ఒప్పుకోడు, ఆయనకు కావాల్సింది వాళ్ల సమ్మతి. ఇగ పులి కోసం రాసేటోళ్లల్ల కొందరు చెంచు పెంటలను, అంటే వాళ్ల గూడేలను కూడా అడవి బయటికి తరలించాలె అంటరు, అంటే యురేనియం కాడ ఒక్క మాట మీదున్న ఇద్దరు ఈడికొచ్చేసరికి ఎదురెదురు నిలబడతరు! ఇది పట్టుకున్ననాడు నాకు వ్యాసం చదువుడంటే మస్తు ఇష్టమైంది.

రెండు వైపులా రాసినట్టు ఎందుకు అనిపిస్తదంటే, మంచిగ రాసేటాయన ముందు అవతలోళ్ల వాదననే గట్టిగ చెప్తడు. దేశానికి కరెంటు కావాలె, అణు కరెంటుకు యురేనియం కావాలె, దిగుమతి మీద ఎన్నేండ్లు ఆధారపడతం అని రెండు పేరాలు రాస్తడు, మా రూమ్మేట్ అవే గీతలు కొట్టి "ఈయన తవ్వమంటుండు" అనేటోడు. "నిజమే", "కాదనలేం", "అనేవాళ్లున్నారు" అని వస్తే ఆగు, దాని తర్వాత "అయితే" ఎక్కడ పడ్డదో చూడు, అవతలోళ్ల మాటల ఎంత ఒప్పుకున్నడు, ఏ కాడ ఆపిండు అన్నది ఆడ తెలుస్తది. హెడ్డింగ్ చూసి మాత్రం నిర్ణయం చేయకు, అది చాలాసార్లు పేపర్ ఆఫీసు డెస్క్‌ల ఉన్నోళ్లు పెట్టేది. ఏం రాయలేదో కూడా చూడు, టన్నులు మెగావాట్లు అన్నీ రాసి చెంచుల ఊసే ఎత్తకపోతే అది కూడా ఒక వైఖరే.

జవాబు రాసేటప్పుడు "రచయిత వ్యతిరేకి" అని వదిలేయకు, "రచయిత అణు విద్యుత్తును కాదనలేదు, కృష్ణా నీళ్లకు ముప్పు ఉందని నల్లమలలో తవ్వకాన్ని మాత్రమే వద్దంటున్నారు" అని రాయి.