చీజు అంటే మూతి ముడుచుకుంటుంది

ప్రశ్న: మా తమ్ముడి పెళ్లిలో ఫోటోగ్రాఫర్ అందర్నీ ‘చీజ్’ అనమన్నాడు. ఆల్బమ్ వచ్చాక చూస్తే మా అవ్వ, పెదనాన్న ఇద్దరూ పొయ్యి ఊదుతున్నట్టు మూతి ముందుకు పెట్టి ఉన్నారు. అసలు ఆ మాటే ఎందుకు? మిగతా దేశాల్లోనూ అదే అంటారా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: తప్పు మీ అవ్వది కాదమ్మా, మన భాషది. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి కదా, బస్సు, కారు, పెన్ను అన్నట్టే చీజ్‌ని కూడా ‘చీజు’ చేసేస్తాం. ‘ఈ’ అన్నప్పుడు పెదాలు చెవుల వైపు సాగి పళ్లు కనబడతాయి, ఆ మాటని వాడేది అందుకే, తినే చీజ్‌కీ నవ్వుకీ ఏ చుట్టరికమూ లేదు. చివర ‘ఉ’ తగిలిందా, పెదాలు గుండ్రంగా ముడుచుకుంటాయి. సరిగ్గా అప్పుడే మీ ఫోటోగ్రాఫర్ బటన్ నొక్కినట్టున్నాడు.

జపాన్‌వాళ్ల నోట్లో కూడా అది ‘చీజు’ అనే ముగుస్తుంది. వాళ్ల దగ్గర ఇంకో ఉపాయం ఉంది, ఫోటో తీసేవాడు ‘ఒకటీ ఒకటీ ఎంత?’ అని అడుగుతాడు, అందరూ ‘నీ’ అంటారు, వాళ్ల భాషలో ‘ని’ అంటే రెండు. నాకు బాగా నచ్చింది ఇదే, పిల్లలు ఎగబడి చెప్తారు.

మిగతా చోట్ల ఎక్కువగా తిండి పేర్లే. కొరియాలో ‘కిమ్చీ’, అంటే కారం పెట్టి పులియబెట్టిన క్యాబేజీ. చైనాలో వంకాయ పేరు చెప్తారు, వినడానికి అది ‘చీజ్’కి దగ్గరగా ఉంటుంది. స్పెయిన్‌లో ‘పటాటా’, బంగాళాదుంప. ఇరాన్‌లో ‘సీబ్’, ఆపిల్. ఫ్రాన్సువాళ్లు మాత్రం ‘విస్తితీ’ అంటారు, అదొక బుల్లి కోతి (మన కొండ మీద కోతుల్ని పిలిస్తే ఫోటో ఏమోగానీ చేతిలో ప్రసాదం పోతుంది). మెక్సికోలో ఏకంగా ‘విస్కీ’! నోటికి సరిపోయే మాటే, కానీ అలిపిరిలో గరుడ విగ్రహం ముందు నిలబడి అనగలమా?

ప్రశ్న: మా ముత్తాత ఫోటోలో అందరూ కోపంగా ఎందుకుంటారు?
– చిత్తూరు పాఠకుడు

జవాబు: కోపం కాదు, బిగుసుకుపోవడం. 1839లో ఫోటోగ్రఫీ లోకానికి తెలిసిన కొత్తలో ఒక్క బొమ్మకి నిమిషాల తరబడి కదలకుండా ఉండాల్సి వచ్చేది, అంతసేపు నవ్వు నిలవదు. తర్వాత కెమెరాలు వేగం పుంజుకున్నా, స్టూడియోకి వెళ్లడమంటే పెద్ద పని కాబట్టి గంభీరంగా కూర్చునే అలవాటు చాలాకాలం పోలేదు.

ప్రశ్న: మనకి తెలుగు మాట ఒకటి పెట్టుకుందామా? ‘గోవిందా’ ఎలా ఉంటుంది?
– తిరుపతి నుంచే ఇంకొకరు

జవాబు: మెట్లెక్కేటప్పుడు దానికి సాటి లేదు గానీ ఫోటోకి కుదరదు, చివర ‘ఆ’ వచ్చి నోరు తెరుచుకుంటుంది, కొత్తగా గుండు చేయించుకున్న తలలకి తోడు ఇరవై తెరిచిన నోళ్లు, ఊహించుకోండి. ‘ఇడ్లీ’ బాగుంటుంది, ‘పూరీ’ కూడా, రెండూ ‘ఈ’ దగ్గరే ఆగుతాయి. అయితే ఒక చిక్కు. డుషెన్ అనే ఫ్రెంచి డాక్టరు 1862లోనే ముఖ కండరాల మీద పుస్తకం వేసి చెప్పాడు, పెదాల్ని మనం కావాలని సాగదీయగలం, కంటి చుట్టూ ఉండే కండరం మాత్రం నిజంగా సంతోషం వస్తేనే కదులుతుందని. కాబట్టి ఏ మాటైనా సగం పనే చేస్తుంది. ‘పూరీ’ అనమన్నప్పుడు వెనక వరసలోంచి ఎవడో ఒకడు ‘కుర్మా ఏదబ్బా?’ అంటాడు చూడండి, అప్పుడు నొక్కమనండి.