మలుపు కోసం మనిషిని కోయకు

తమ్ముడూ,

పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త పాస్కల్ మీద నీ వ్యాసం అందింది. భాష బాగుంది. కానీ నాలుగో పేజీలో ఒక వాక్యం చదివి, కాగితాలు బల్ల మీద పడేసి లేచిపోయాను. "1654 నవంబర్ 23 రాత్రి పాస్కల్‌లోని గణితవేత్త చనిపోయాడు, భక్తుడు పుట్టాడు" అన్నావు. ఎవరు చెప్పారు నీకు?

ఆ రాత్రి ఏదో జరిగిన మాట నిజమే. పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా కలిగిన అనుభవాన్ని 'అగ్ని' అంటూ రాసుకుని, ఆ కాగితాన్ని కోటు లోపలి గుడ్డలో కుట్టి దాచుకున్నాడు. చనిపోయాక గానీ అది నౌకరు చేతికి తగల్లేదు. నువ్వు దీనికి రెండు పేజీలిచ్చావు. సరే, అంతకు కొన్ని నెలల ముందు? ఆట మధ్యలో ఆగిపోతే పందెం సొమ్ము ఎవరికెంత పంచాలని ఫెర్మా అనే మరో గణితవేత్తకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. సంభావ్యత లెక్కలకు పునాది అక్కడే పడింది. మరి భక్తుడయ్యాక రాసుకున్నదేంటి? దేవుడు ఉన్నాడని పందెం కాస్తే లాభమెంత, నష్టమెంత అని! ఆ చిత్తుకాగితాలే 1670లో 'పాన్సే' (అంటే ఆలోచనలు) పేరుతో అచ్చయ్యాయి. జూదం లెక్కని దేవుడి దాకా మోసుకెళ్లిన మనిషిని పట్టుకుని గణితం చచ్చిపోయిందంటావా?

1658లో, దొర్లే చక్రం అంచు మీది చుక్క గీసే గీత గురించి పోటీ పెట్టి యూరప్ గణితవేత్తలను సవాలు చేసిందీ ఈ భక్తుడే. జామెట్రీ కోసం రెండడుగులు కూడా వేయనని 1660లో ఫెర్మాకే రాశాడు, ఒప్పుకుంటాను. అయినా 1662 మార్చిలో, చావుకి ఐదు నెలల ముందు, ప్యారిస్‌లో మనిషికి ఐదు సూల (అప్పటి ఫ్రెంచి చిల్లర నాణేలు) చొప్పున, వేళకి, ఒకే దారిన తిరిగే గుర్రబ్బండ్లు మొదలయ్యాయంటే ఆ ఆలోచన అతనిదే. మన సిటీ బస్సుకి తాతలవి. నీ వ్యాసంలో ఆ బండ్లు లేవు. నీ మలుపుకి అడ్డొస్తాయి మరి.

ఈ మలుపుల పిచ్చి నాకు కొత్త కాదు. మా నాన్న కరణం. మొదట్నించీ భజనంటే ప్రాణం. 1984లో కరణీకాలు పోయాక గుడి లెక్కలు రాసేవారు. ఆయన మీద కథ రాస్తే ఒక వారపత్రిక ఎడిటర్, "కొలువు పోయాకే తాళాలు పట్టాడని మార్చండి, టర్నింగ్ పాయింట్ ఉంటుంది" అన్నాడు. మార్చాను. అచ్చయింది. మనియార్డరూ వచ్చింది. నాన్న కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, "అంతకుముందు నేను భజనకి వెళ్లేవాణ్ణి కాదుట్రా?" అని అడిగారు. ఏం చెప్పను?

ఇప్పుడు ఎడిటర్లు చెప్పక్కర్లేదు, రీల్స్ చూసి మీరే నేర్చుకుంటున్నారు.

ఏ పత్రికకి పంపాలి, పుస్తకం వేయొచ్చా అని అడిగావు. అవి తర్వాత. ముందు ఆ బండ్లని వ్యాసంలోకి తోలుకురా. ఈసారి ప్రింటు కాస్త పెద్ద అక్షరాల్లో తీయించు, కళ్లు లాగుతున్నాయి.

ఉంటాను.