ఫాస్ఫటేజులన్నీ బ్రేకులు కావు

చిరంజీవికి ఆశీస్సులు.

రోగనిరోధక వ్యవస్థలోని తెల్లరక్తకణాల్లో ఒక రకమైన టీ కణాల మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. నీ తెలుగు హాయిగా ఉంది. నా అభ్యంతరమంతా ఒక్క వాక్యం దగ్గరే: "కైనేజులు సంకేతాన్ని మొదలుపెడతాయి, ఫాస్ఫటేజులు బ్రేకు వేస్తాయి." చదివినవాళ్లకు ఇట్టే గుర్తుండిపోతుంది, అందుకే నా భయం. కైనేజు ప్రొటీన్ల మీద ఫాస్ఫేటు పెట్టే ఎంజైము, ఫాస్ఫటేజు దాన్ని తీసేసే ఎంజైము, అంతవరకు నిజమే. కానీ టీ కణంలో మొదటి అడుగు పడాలంటేనే ఒక ఫాస్ఫటేజు కావాలమ్మా.

అది సీడీ45, కణం పొరకు లోపలా బయటా భాగాలున్న ప్రొటీను. లోపల ఎల్‌సీకే అనే కైనేజు ఉంది కదా, దాని అమైనో ఆమ్లాల వరసలో 505వదైన టైరోసిన్ మీద ఫాస్ఫేటు ఉన్నంతసేపూ అది ముడుచుకునే ఉంటుంది. సీడీ45 ఆ ఫాస్ఫేటును తీసేస్తేనే విచ్చుకుని, టీ కణం గ్రాహకానికి లోపలివైపున్న తోకల మీద ఫాస్ఫేట్లు పెడుతుంది. వాటిని పట్టుకుని జాప్-70 అనే ఇంకో కైనేజు వచ్చి చేరుతుంది. సీడీ45 పూర్తిగా లోపించిన పసిబిడ్డల్లో సంకేతం చెలరేగలేదు. వాళ్లకు తీవ్రమైన రోగనిరోధక లోపం వచ్చింది. బ్రేకు తీసేస్తే బండి ఆగిపోవడమేమిటి? ఈ ప్రశ్న పాఠకుడికే తట్టేలా రాయి.

ఇంకో మెలిక ఉంది. ఎల్‌సీకేను చురుగ్గా ఉంచే 394వ టైరోసిన్ మీది ఫాస్ఫేటునూ సీడీ45 తీసేయగలదు. అప్పుడది నిజంగానే ఆపుతుంది. ఎప్పుడు ఏ పని అన్నది అది ఎంత ఉంది, ఎక్కడ ఉంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. టీ కణం గ్రాహకం ఎదుటి కణం మీది పెప్టైడును (ప్రొటీను ముక్కను) పట్టుకున్న చోట రెండు కణాల పొరల మధ్య ఎడం సుమారు 15 నానోమీటర్లు. సీడీ45 బయటి భాగం పొడుగు. ఆ ఇరుకులో ఇమడక పక్కకు తొలగుతుంది, అక్కడ పెట్టిన ఫాస్ఫేట్లు నిలుస్తాయి. దీన్ని ఒక నమూనాగానే చెప్పు, తేలిపోయిన సంగతిగా కాదు.

నువ్వు వదిలేసిన కథ ఒకటుంది. సీడీ45ను తెల్లరక్తకణాల గుర్తుగా ముందే ఎరుగుదురు, అది చేసే పనే తెలియదు. మానవ మావి నుంచి వేరుచేసిన ఒక టైరోసిన్ ఫాస్ఫటేజు అమైనో ఆమ్లాల వరసతో పోల్చి చూస్తే, 1988లో, సీడీ45 లోపలి భాగం దానికి దగ్గరగా కనిపించింది. నికొలస్ టాంక్స్, ఎడ్మండ్ ఫిషర్ బృందం పని అది. దీనికి ఒక పేరా ఇవ్వు. యల్లాప్రగడ సుబ్బారావు గారి ప్రస్తావన మొదట్లో అలంకారంగా ఉంది. ఆయన ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన పద్ధతి ఫాస్ఫేటును కొలిచేది. ఎంజైము ఎంత ఫాస్ఫేటు విడిపించిందో ఎలా తెలుస్తుందో చెప్పేచోట ఆయన్ను తీసుకురా.

టీ కణాల్లోని ఇంకో ఫాస్ఫటేజు జన్యువు పీటీపీఎన్22 దగ్గర మాత్రం జాగ్రత్త. ఆ ఎంజైము 620వ స్థానంలో ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం బదులు ట్రిప్టోఫాన్ ఉన్న రూపానికి టైప్ 1 మధుమేహంతో సంబంధం ఉందని 2004లో తేలింది. నువ్వు ఒట్టి "మధుమేహ జన్యువు" అన్నావు. మన ఇళ్లలో షుగరంటే ఎక్కువగా టైప్ 2. చదివిన తల్లి తన షుగరుకు ఇదే కారణమనుకుంటుంది. పైగా ఆ రూపం ఉత్తర ఐరోపా వాళ్లలో మామూలే గానీ తూర్పు ఆసియాలో చాలా అరుదు. ఆ మార్పు ఎంజైము పనిని పెంచుతుందా తగ్గిస్తుందా అన్న వాదన కూడా నడిచింది, అది దాచకు.

టీ కణాన్ని అణిచే గ్రాహకం పీడీ-1, దానితో పనిచేసే ఫాస్ఫటేజు ఎస్‌హెచ్‌పీ-2ల సంగతి ఈ వ్యాసంలో వద్దు, విడిగా రాయి. ముందు 505 గురించిన పేరా తిరగరాసి పంపు. బొమ్మ నువ్వే గీయి, రెండు టైరోసిన్లూ అందులో కనిపించాలి.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి